అడపకాడి వేషం

ధూమ్రదుర్గం పేరుకు తగ్గ కోట. మూడు కొండల నడుమ ఒంటరిగా లేచిన నల్లరాతి శిఖరం మీద నిలబడి, లోయలోకి దూకే జలపాతపు తుంపరను పొగలా చుట్టుకుని ఉంటుంది. ఉదయపు ఎండ తగలగానే ఆ తుంపరలో ఇంద్రధనుస్సులు పుట్టి బురుజు నుంచి బురుజుకు తోరణాలు కడతాయి. ప్రాకారాలకు పచ్చలు తాపినట్టు నాచు, గోపురాల మీద వైడూర్య కలశాలు, తొమ్మిది వందల మెట్లకూ అటూ ఇటూ స్ఫటికపు దీపస్తంభాలు. ఇంత సొగసున్న ఆ కోటలో ఒక్క కత్తి చప్పుడు వినిపించదు. ఒక్క కేక వినిపించదు. ద్వారాలకు గడియలు లేవు. చెరసాలకు తలుపులే లేవు.

మూడు నెలల కిందట ఆ మెట్లెక్కి వచ్చిన రోజున హేమాంగదుడు వీటన్నిటినీ చూసి, పని ఇంత తేలికా అని లోలోపల నవ్వుకున్నాడు.

అతను మందారపురి యువరాజు. ఆ దుర్గానికి ఏలిక అయిన మాంత్రికుడు నీలభద్రుడు వసంతోత్సవం నాడు అతని అక్క కనకలేఖను మాయామేఘంలో ఎత్తుకుపోయాడు. పెళ్లాడటానికి కాదు. సామంతులందరి ఎదుట ఆమె తనంతట తాను వచ్చి అతని పాదాల మీద తల ఆనించాలి. నీలభద్రుడికి కావలసింది అదొక్కటే. అంతకుముందు ఆరుగురు రాజులు అలా తల ఆనించారు, ఆరు రాజ్యాలూ ఒక్క బాణం వదలకుండానే అతనివైపోయాయి. ఆ ఆరుగురూ ఇప్పుడు కోటలోనే ఉన్నారు. ఒకడు గొడుగు పడతాడు, ఒకడు పాదుకలు మోస్తాడు, ఒకడు వింజామర వీస్తాడు. కోటలోని ప్రతివాడి నుదుటా ఉన్నట్టే వాళ్ల నుదుటా బూడిదబొట్టు ఉంటుంది. అది మంత్రభస్మమనీ, తగిలినవాడికి ఎదురాడే శక్తి ఉడిగిపోతుందనీ లోకం చెప్పుకుంటుంది.

హేమాంగదుడు ఆ మాట విని జాగ్రత్తపడ్డాడు. అడవిలోని ఒక మునిని ఆశ్రయించి, ఏ మంత్రభస్మాన్నైనా విరిచేసే మూలిక పసరు సంపాదించాడు. చెట్టుబెరడు రసంతో ఒంటి రంగు మార్చుకున్నాడు. భుజం వంచి నడవడం, కళ్లు దించి మాట్లాడటం పదిహేను రోజులు సాధన చేశాడు. సింగడనే పేరుతో వచ్చి, ఆకువక్కల సంచి మోసే అడపకాడిగా నీలభద్రుడి కొలువులో చేరాడు. ఆ అడపం అడుగున, తోలుపొర కింద, జానెడు బాకు దాచాడు. ప్రతి ఉదయం అందరితో పాటు నుదుట బొట్టు పెట్టించుకునేవాడు. మరుగుకు వెళ్లగానే పసరుతో తుడిచి, వంటింటి పొయ్యి బూడిద అద్దుకునేవాడు. ఒక్క పూట కూడా తప్పలేదు.

నీలభద్రుడికి ఆకు అందించేటప్పుడు అతని గొంతుకూ సింగడి చేతికీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. మూడు నెలల్లో అలాంటి అవకాశాలు నూటికి పైగా వచ్చాయి. మొదటి వారం కోట ఆనుపానులు తెలియాలని ఆగాడు. ఆ తర్వాత ఏలినవారికి జ్వరంగా ఉంది, రోగిని పొడవడం క్షత్రియధర్మం కాదనుకున్నాడు. ఆ తర్వాత అక్కను దాటించే దారి దొరకాలనుకున్నాడు. దారి దొరికింది. వనచరుల నాయకుడు గండడు నలభై మందితో వచ్చి, జలపాతపు నీటితెర వెనక గుహలో పొంచి ఉన్నాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు తూర్పు బురుజు మీద ఎర్రగుడ్డ ఊపితే చాలు, వాళ్లు తాళ్లతో పైకి వస్తారు. ఆ రోజు ఈ రోజే. కనకలేఖను పాదాల చెంతకు రప్పించే సభ కూడా ఈ మధ్యాహ్నమే.

అయినా, ఆ ఉదయం నిద్ర లేచిన సింగడికి మొదట గుర్తొచ్చింది ఎర్రగుడ్డ కాదు. నిన్న ఏలినవారు మూడో తాంబూలపు చిలక సగం నమిలి పక్కన పెట్టేశారు. సున్నం ఎక్కువైందేమో. రాత్రి తీరికగా నానబెట్టిన కొత్త సున్నం తీసి, నాలుక మీద పెట్టుకుని చూసుకున్నాడు. లేతాకులు ఏరి, ఈనెలు తీసి, తడిగుడ్డలో చుట్టాడు. వక్కలు సన్నగా కత్తిరించాడు. అప్పుడు బాకు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

నీలభద్రుడు భయంకరాకారుడేమీ కాదు. సన్నగా, తెల్లగా, నెమ్మదిగా ఉంటాడు. గొంతు ఎత్తి ఎరగడు. ఎవరినీ కొట్టించడు. తప్పు చేసినవాడి వైపు నుంచి ముఖం తిప్పుకుంటాడు, అంతే. ఆ తిప్పుకున్న ముఖం మళ్లీ తనవైపు తిరిగే దాకా ఆ మనిషికి కూడు సహించదు. పోయిన నెల పాదుకలు మోసే రాజు నాలుగు రోజులు అలా తిండి మానేసి, అయిదో రోజు ఏలినవారు 'బాగున్నావా' అని అడిగితే వెక్కి వెక్కి ఏడ్చాడు. అది చూసి సింగడు, ఆ రాజు పాదుకలు సరిగా తుడవడు, తనకు ముందే తెలుసు అనుకున్నాడు.

కోటలో ఒక్క మనిషికే కావలి అవసరమైంది. పద్మమండపంలో కనకలేఖ చుట్టూ నీలిమంటల వలయం రగులుతూ ఉంటుంది. తాంబూలం పళ్లెం పట్టుకుని సింగడు రోజూ ఆ వలయం దాకా వెళ్తాడు. అతనికి మాత్రం మంట దారి ఇస్తుంది. మొదటి రోజే ఆమె తమ్ముణ్ణి గుర్తుపట్టింది. కళ్లతోనే ఎప్పుడని అడిగింది. త్వరలోనని అతను కళ్లతోనే చెప్పాడు. రెండో నెల వచ్చేసరికి ఆమె అడగడం మానేసింది. ఈ మధ్య అతనికి ఆమెను చూస్తే విసుగు కూడా పుడుతోంది. ఇంత మర్యాదగా చూసుకునే మనిషి ముందు ఒక్కసారి తల వంచితే ఈమె సొమ్మేం పోతుందని రెండుసార్లు అనిపించింది. రెండుసార్లూ వెంటనే ఉలిక్కిపడి, మునిపసరు నుదుటికి మళ్లీ రాసుకున్నాడు.

ఆ ఉదయం నీలభద్రుడు వెన్నెలరాతి అరుగు మీద కూర్చుని జలపాతం వైపు చూస్తున్నాడు. సింగడు అందించిన చిలకను నోట పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం సింగడి గుండెల్లో సూదిలా దిగింది.

"ఈ కోటలో ఎవరో నాకు చెప్పకుండా ఏదో దాచారు సింగా," అన్నాడు చివరికి. "వెతికించడం నాకిష్టం లేదు. బిడ్డల సంచులు వెతికే తండ్రి ఉంటాడా. కాని మనసుకు బాధగా ఉంది."

అడపం సింగడి భుజానికే వేలాడుతోంది. నెత్తురు గడ్డకట్టాల్సిన మాట అది. కాని అతనికి భయం కలగలేదు, సిగ్గు కలిగింది. మోకాళ్ల మీద పడి బాకు తీసి ముందు పెట్టేయాలనిపించింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాడు. అయినా ఆ దిగులు ముఖం అతను చూడలేకపోయాడు. ఏదో ఒకటి ఇవ్వాలి. ఏలినవారి మనసు తేలికపడే మాట ఏదైనా ఒకటి చెప్పాలి.

"దేవరా, జలపాతం దగ్గర గువ్వలు రెండు రోజులుగా వాలడం లేదు," అన్నాడు.

నీలభద్రుడు మెల్లగా తల తిప్పాడు. ఆ కళ్లలో వెలుగు వచ్చింది. సింగడి భుజం మీద చెయ్యి వేసి, ఇన్ని వందల మందిలో కళ్లు పెట్టి చూసేది నువ్వొక్కడివేనన్నాడు. చిలక నోట పెట్టుకుని, సున్నం సరిగ్గా కుదిరిందన్నాడు.

తేనె తాగినట్టయింది సింగడికి. ఆ తియ్యదనం గుండె నిండి, గొంతు దాకా వచ్చి, కళ్లు చెమర్చాయి. ఆరేడు ఊపిరుల పాటు అతనికి మరేమీ తెలియలేదు.

తర్వాత తెలిసింది.

గువ్వలు ఎందుకు వాలడం లేదో అతనికి తెలుసు. నీటితెర వెనక నలభై మంది ఉన్నారు గనక వాలడం లేదు. ఆ నలభై మందీ అతను రమ్మంటే వచ్చినవాళ్లు.

నీలభద్రుడు అప్పటికే ఆలోచించేశాడు. కోట పైన కొండకొమ్ముల మధ్య కాలసరస్సు ఉంది. దాని పెద్దతూము ఎత్తితే ఊళ్లను ముంచేంత నీరు ఒక్కసారిగా జలపాతం మీద పడుతుంది. గుహలో ఎలుక కూడా మిగలదు. చేతి వేలి నుంచి సర్పముద్ర ఉంగరం తీసి సింగడి అరచేతిలో పెట్టి, తూము కాపలాదారుకు చూపించి తలుపు ఎత్తమని చెప్పి రమ్మన్నాడు. ఇలాంటి పని నమ్మకమున్నవాడికే అప్పగించాలన్నాడు.

"చిత్తం," అన్నాడు సింగడు.

అన్నాక కూడా అక్కడే నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే అర్థం కాలేదు. కాసేపటికి నీలభద్రుడు తల పంకించాడు. అప్పుడు గాని అతని కాళ్లు కదలలేదు. సెలవు కోసం చూశానని అప్పుడు తెలిసింది.

సరస్సుకు వెళ్లే దారి కొండ చరియను చెక్కి వేసిన ఇరుకుబాట. ఒక పక్క గోడ, ఒక పక్క అగాధం. ఉంగరాన్ని ఆ అగాధంలోకి విసిరేస్తే సరిపోతుంది. అతను చెయ్యి ఎత్తాడు. వేళ్లు విప్పుకోలేదు. ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు లాగాడు. పక్షవాతం వచ్చినవాడి వేళ్లలా అవి ఉంగరం చుట్టూ బిగుసుకుపోయాయి. మంత్రం సోకిందని అతనికి నిశ్చయమైపోయింది. ఎక్కడో పసరు తప్పింది. ఏ ఉదయమో తుడవడం మరిచి ఉంటాడు.

బాట మలుపులో గొడుగు మోసే సోమకేతు ఎదురయ్యాడు. ఒకప్పుడు కుంజరపురికి రాజు. ఇప్పుడు సభకని వెళ్తూ ముత్యాల గొడుగును పసిబిడ్డలా ఎత్తుకుని నడుస్తున్నాడు. సింగడు అతని దారికి అడ్డంగా నిలబడ్డాడు. వేషం, గుట్టు అన్నీ మరిచి, ఈ భస్మం కట్టు విప్పే ఉపాయమేదైనా ఉందా అని అడిగాడు. తాను రోజూ పసరుతో తుడిచానని, అయినా సోకిందని చెప్పాడు.

సోమకేతు గొడుగును జాగ్రత్తగా రాతికి ఆనించాడు.

"ఆ బూడిద జల్లించేది నేనే నాయనా," అన్నాడు. "తొమ్మిదేళ్లుగా నేనే. వంటింటి పొయ్యిలోది. అందులో ఏమీ లేదు."

 మునిపసరుతో మంత్రభస్మం తుడిచేసి అతను అద్దుకున్నదీ ఆ పొయ్యి బూడిదే.

ముసలిరాజు బాట పక్కన రాతి మీద కూర్చుని తన కథ చెప్పాడు. ఊరి కథ చెప్పినట్టు, గొంతు పెంచకుండా చెప్పాడు. ప్రజల ప్రాణాలు కాపాడటానికి ఒక్క పూట తల వంచుదామని వచ్చాడట. మొదటిసారి వంచినప్పుడు ఒళ్లంతా మండిపోయింది. రెండోసారి అంత మండలేదు. మూడోసారి వంచాక ఏలినవాడు నవ్వాడు, ఆ నవ్వు బాగుంది. ఆ తర్వాత ఆ నవ్వు ఎప్పుడు వస్తుందా అని ముఖం చూడటం అలవాటైంది. ఏం చేస్తే వస్తుందో వెతకడం అలవాటైంది. అడగకముందే చెయ్యడం, కోపం రాకముందే క్షమాపణ చెప్పడం, వంగనివాణ్ణి చూస్తే ఒళ్లు మండటం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకరోజు కుంజరపురి నుంచి కొడుకు సైన్యంతో వచ్చి కోట బయట నిలబడి, రమ్మని పిలిచాడు. ద్వారానికి గడియ లేదు. సోమకేతు గుమ్మం దాకా వెళ్లి, ఏలినవారికి ఎండ తగులుతుందని వెనక్కి వచ్చేశాడు.

"మరి నువ్వెవరని నేనడగను," అన్నాడు లేస్తూ. "అడిగితే చెప్పేయాల్సి వస్తుంది. నువ్వు దారిలో ఆగి నాతో మాట్లాడావని మాత్రం విన్నవించుకోక తప్పదు. దాచిపెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు."

గొడుగు భుజాన వేసుకుని దిగి వెళ్లిపోయాడు.

హేమాంగదుడు పరుగు తీశాడు. తూము దగ్గరికి చేరేసరికి సూర్యుడు నడినెత్తికి జానెడు దూరంలో ఉన్నాడు. కాలసరస్సు సానపట్టిన నల్లరాయిలా పరుచుకుని ఉంది. గట్టు మీద తాటిచెట్టంత ఎత్తున తూము కాపలాదారు దీర్ఘబాహువు నిలబడి ఉన్నాడు. ఏనుగు తొండాల్లాంటి చేతులు, ఇత్తడి గంటల్లాంటి కళ్లు, మొలకు పులితోలు. అతని పక్కన తూము తలుపును ఎత్తే ఇనుపచక్రం, ఒక్కో పన్నూ మూరెడు.

ఉంగరం చూపించకూడదనుకుంటూనే వచ్చాడు. తలుపు ఎత్తొద్దని చెప్పాలని దారి పొడవునా మననం చేసుకున్నాడు. దీర్ఘబాహువు చెయ్యి చాచగానే అతని చెయ్యి తనంతట తానే ముందుకు సాగి, అరచెయ్యి విప్పుకుని ఉంగరం చూపించింది. అంతవరకూ విప్పుకోని వేళ్లు అప్పుడు పూవులా విచ్చుకున్నాయి.

దీర్ఘబాహువు చక్రం పట్టుకుని తిప్పాడు. భూమి అదిరింది. తలుపు బెత్తెడు లేచింది. ఆ బెత్తెడు సందులోంచే నీరు సింహంలా గర్జిస్తూ దూకింది.

ఆ హోరు చెవిలో పడగానే హేమాంగదుడు అడపం చించి బాకు లాగాడు. దీర్ఘబాహువు మీదికి పోలేదు, అంత కండను జానెడు బాకు ఏం చేస్తుంది. అతని కాళ్ల మధ్య నుంచి దూరి, తిరుగుతున్న చక్రపు పళ్ల నడుమ బాకును పిడి దాకా కుక్కాడు. ఉక్కు కీచుమంది. చక్రం ఒక పన్ను ముందుకు జరిగి, వణికి, ఆగిపోయింది. బాకు మూడు ముక్కలై పళ్లలో ఇరుక్కుపోయింది. దీర్ఘబాహువు విసురుకు హేమాంగదుడు గిరగిరా తిరుగుతూ సరస్సులో పడి, మొసళ్ల వీపుల మధ్య నుంచి ఈది, గట్టు రాళ్లు పట్టుకుని పైకి వచ్చాడు.

దీర్ఘబాహువు అతన్ని చంపడానికి రాలేదు. చక్రాన్ని అటూ ఇటూ కదిపి చూసి, చేతులు వేలాడేసి నిలబడ్డాడు. తలుపు ఎత్తమన్నారు. చక్రం తిరగకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆ ఇత్తడి కళ్లలో పసివాడి బెంగ కనిపించింది.

ఏలినవారి ఆజ్ఞ వచ్చేదాకా ఇక్కడే కూర్చోమని హేమాంగదుడు చెప్పాడు. దీర్ఘబాహువు ఎంతో ఊరటగా చతికిలబడ్డాడు. ఆ ఊరట హేమాంగదుడు గుర్తుపట్టాడు. అది తనకు బాగా తెలిసిన ఊరట. అక్కడి నుంచి పరుగెత్తాడు.

గట్టు చివరి నుంచి, సంకేతం కోసం తలకు చుట్టుకున్న ఎర్రగుడ్డ విప్పి, పైకి రమ్మని కాక, వెనక్కి పొమ్మని అడ్డంగా ఊపాడు. గండడి మనుషులు నడుముల్లోతు నీటిలో ఒకరి చేతులు ఒకరు పట్టుకుని గుహలోంచి బయటపడి, లోయకు అవతలి గట్టు ఎక్కడం కనిపించింది. లెక్కపెట్టాడు. ముప్పై ఏడుగురే ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై ఏడుగురే.

పైకప్పు లేని సభామండపంలో ఆరుగురు రాజులూ, సామంతులూ బారులు తీరి ఉన్నారు. స్తంభాలకు చుట్టిన పూలదండల పరిమళం ఊపిరి ఆడనివ్వనంత దట్టంగా ఉంది. రత్నకంబళి మీద నీలభద్రుడు కూర్చున్నాడు. అతని తలమీద సోమకేతు గొడుగు. నీలిమంటల వలయం తొలగించి కనకలేఖను ఎదురుగా నిలబెట్టారు. మూడు నెలల్లో ఆమె చిక్కిపోయింది. మెడ మాత్రం నిటారుగా ఉంది.

తడిసి ముద్దైన సింగడిని చూసి నీలభద్రుడు, చలి వేస్తోందా అని అడిగాడు. తన భుజం మీది పట్టుసెల్లా తీసి కప్పమన్నాడు. పని అయిందా అని అడిగాడు. అయిందని అబద్ధం చెప్పాడు హేమాంగదుడు. ముగ్గురు మనుషులు పోయారన్న దుఃఖంతో పాటు, ఆ సెల్లా వెచ్చదనంలో ఈ అబద్ధం చెప్పినందుకు కూడా దుఃఖం కలిగింది. ఆ రెండో దుఃఖం పుట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

నీలభద్రుడు కనకలేఖ వైపు చూశాడు. ఆమె కదలలేదు. మరొకడైతే గద్దించేవాడు. అతను నవ్వి అడపకాడి వైపు తిరిగాడు.

"ఆమెకు ఎలా వంగాలో తెలియదు పాపం. సింగా, చూపించు."

సభంతా అతన్ని చూసింది. ఇదేమీ పెద్ద పని కాదు. రోజుకు నలభైసార్లు చేసిన పనే. హేమాంగదుడి తల అప్పుడే వాలింది, నడుము వంగింది, మోకాలు మడత పడింది. కంబళి అంచు దగ్గరికి వచ్చేసింది. అక్కడ ఆగాడు. ఎలా ఆగాడో తర్వాత ఎంత తలుచుకున్నా అతనికి గుర్తు రాలేదు. ఒక మోకాలు గాలిలో ఉండగానే ఆగాడు.

"వంగను," అన్నాడు.

గొంతు పీలగా వచ్చింది. ఏమన్నావని నీలభద్రుడు నిజంగానే వినపడనట్టు అడిగాడు. మాట వెనక్కి తీసుకోవడానికి అది మంచి సందు. నాలుక చివర క్షమాపణ సిద్ధంగా ఉంది.

"వంగనన్నాను. దేవరా." చివరి మాట అలవాటుగా వచ్చేసింది.

నీలభద్రుడు ముఖం తిప్పుకున్నాడు.

కొరడా దెబ్బ అయితే తట్టుకునేవాడే. ఆ ముఖం అటు తిరగగానే హేమాంగదుడికి కాళ్ల కింద రాయి కరిగిపోయినట్టయింది. సభలో అందరూ కళ్లు దించుకున్నారు. అప్పుడు సోమకేతు గొడుగుతో సహా రెండడుగులు ముందుకు వచ్చాడు. విన్నపం ఉందన్నాడు. ఈ సింగడు, అని మొదలుపెట్టి ఆగాడు. అతని పెదవులు కదిలాయి. గొడుగు అతనితో పాటు ముందుకు రావడంతో మిట్టమధ్యాహ్నపు ఎండ నీలభద్రుడి కళ్లల్లో పడింది.

"ఏమీ లేదు," అన్నాడు సోమకేతు. వెనక్కి వెళ్లలేదు. ఉన్నచోటే నిలబడ్డాడు.

ఎండకు కళ్లు చిట్లించుకుని నీలభద్రుడు గొడుగు అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతు కాస్త పైకి లేచింది. ఆ కోటలో ఎవరూ ఎప్పుడూ విననిది అది. పాదుకలు మోసే రాజు తల ఎత్తి చూశాడు. వీళ్లిద్దరినీ పట్టుకోండని నీలభద్రుడు అరిచాడు. మిగతా అయిదుగురు రాజుల్లో ముగ్గురు కదిలారు. ఒకడు కదలలేదు. వింజామర రాజు ఎటు కదలాలో తెలియక అక్కడే తిరిగాడు.

కనకలేఖ దగ్గరలో ఉన్న భటుడి వైపు చెయ్యి చాచి, ఈటె ఇలా ఇమ్మంది. చెప్పింది చెయ్యడం తప్ప ఎరగని ఆ భటుడు ఇచ్చేశాడు. ఆమె దాన్ని అడ్డంగా తిప్పి ముందు వచ్చిన ఇద్దరి కాళ్లకు తగిలించి పడగొట్టింది. పూలదండ తెంపి మూడోవాడి మెడకు వేసి స్తంభానికి గుంజింది. తమ్ముడి మణికట్టు పట్టుకుని ఉత్తరపు వాకిలి వైపు లాగింది. వాకిలికి గడియ లేదు.

వాకిలి దాటితే లోయ మీద తీగల వంతెన. నూరు బారల పొడవు, మనిషి వెడల్పు. కింద బెత్తెడు తెరిచిన తూము నీళ్లు సుడులు తిరుగుతూ, చెట్లను వేళ్లతో సహా పెకలించుకుపోతున్నాయి. అవతలి గట్టున గండడి మనుషులు విల్లులు ఎక్కుపెట్టి వీళ్ల కోసం చూస్తున్నారు. వెనక నుంచి ఎవరూ పరుగెత్తి రావడం లేదు. నీలభద్రుడు ఒక్కడే వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అతని గొంతు మళ్లీ మెత్తబడింది.

"సింగా. ఇంత తడిసి ఎక్కడికి పోతావు. రా."

హేమాంగదుడు ఆగిపోయాడు. అక్క చేతిలోని అతని మణికట్టు వెనక్కి లాగడం మొదలుపెట్టింది. అతని భుజం మీద ఆ పట్టుసెల్లా ఇంకా ఉంది, ఇంకా వెచ్చగా ఉంది. కనకలేఖ వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడి కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి. అవి ఎవరి కోసమో ఆమెకు అర్థమైంది. 

"అక్కా," అన్నాడతను, "ఇతను మంత్రమేమీ వెయ్యలేదు. అందుకని విప్పడానికి కూడా ఏమీ లేదు. ఇంకోసారి పిలిస్తే నేను వెళ్లిపోతాను. నన్ను నమ్మకు. నా చెయ్యి వదలకు."

కనకలేఖ పైటచెంగు చించి అతని మణికట్టును తన మణికట్టుకు మూడు ముడులు వేసి కట్టింది. ఈటె మొనతో సెల్లాను అతని భుజం మీద నుంచి తీసి లోయలోకి విసిరింది. వంతెన మీద మొదటి పలక మీద కాలు పెట్టింది. తీగలు మూలిగాయి.

వాకిట్లోంచి ఆ గొంతు మళ్లీ పిలిచింది. ఈసారి సింగా అని కాదు.

"హేమాంగదా," అంది ఎంతో ప్రేమగా. "నీ పేరు నాకు మొదటి రోజు నుంచీ తెలుసు నాయనా."

అతని కాళ్లు వెనక్కి తిరిగాయి. ముడి బిగుసుకుంది. కనకలేఖ బరువంతా ముందుకు వేసి, వెనక్కి చూడకుండా, రెండో పలక మీదికి అడుగు వేసింది.